నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

ఒకటో తరగతి టీచరమ్మకి పరీక్ష పెట్టేటప్పుడు కళ్ళు మూసుకునే అలవాటు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది, వీపు కుర్చీకి ఆనిస్తుంది, రెప్పలు వాలుస్తుంది. కొత్తగా చూసినవాళ్ళు ఆవిడ కునుకు తీస్తోందనుకుంటారు. ఆవిడ లెక్క వేరు. పిల్లల మొహాలు చూస్తే మనసు కరిగి సగం మార్కులు జాలి కింద పోతాయట. అక్షరం పలికిందో లేదో చెవి చెప్పాలి గాని కన్ను కాదట. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. ఆవిడ చెవికి తిరుగులేదని బళ్ళో అందరూ అంటారు. ఆ మాట మొట్టమొదట అన్నది ఆవిడే, కానీ ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు.

ఆ గురువారం వరండా చివర రెండు కుర్చీలు, మధ్యన ఒక చిన్న బల్ల వేయించింది. బల్ల మీద ముప్పై అట్టముక్కల దొంతర. ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం, కొన్నింటికి గుడులు, కొమ్ములు, దీర్ఘాలు. వాటి వరస ఆవిడకి కంఠతా వచ్చు. పిల్లలే ఒక్కొక్కటి తిప్పి, చూసి, పైకి పలకాలి. ఆవిడ ఒళ్ళో గడులు గీసిన కాగితం ఉంటుంది. బొటనవేలు గడి తర్వాత గడికి జరుగుతూ ఉంటే కళ్ళు మూసుకునే పెన్సిలుతో గీతలు పెడుతుంది. సరిగ్గా పలికితే నిలువు గీత, తప్పు పలికితే అడ్డ గీత, పలకకపోతే ఖాళీ.

అక్షరాలు వరసగా బట్టీ పట్టించడం ఆవిడ ఒప్పుకోదు. ప, ల, క అని మూడు శబ్దాలు విడివిడిగా పలికించి, చాపిన రెండు చేతులూ నెమ్మదిగా దగ్గరికి తెప్పించి, అరచేతులు కలిసేసరికి పలక అనిపిస్తుంది. క పలికినప్పుడూ గ పలికినప్పుడూ గొంతు మీద చెయ్యి పెట్టుకుని తేడా చూసుకోమంటుంది. ప కి, ఫ కి తేడా తెలియడానికి పెదాల ముందు కాగితం ముక్క పట్టుకోమంటుంది. మూడు నెలల్లో ముప్పై మంది చేత చిన్న చిన్న మాటలు చదివించగలదు. పనిమంతురాలే, అందులో అనుమానం లేదు.

పదకొండో పిల్లగా పిట్ట వచ్చి కూర్చుంది. హాజరు పట్టీలో ఏదో పెద్ద పేరే ఉంది గాని, చేరిన మొదటి వారం నుంచీ ఆ పిల్ల అందరికీ పిట్టే. అంత వాగుడు. ఈమధ్య పిల్లలు దాన్ని విజిలు అని పిలుస్తున్నారు. వాగుడూ తగ్గింది. టీచరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మొదలుపెట్టమంది.

క వచ్చింది, గ వచ్చింది, రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడో ముక్క తిరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. టీచరమ్మ మనసులో ఐదు లెక్కపెట్టి, తరవాతిది అంది. మ వచ్చింది. మళ్ళీ నిశ్శబ్దం. బూటు కుర్చీ కాలికి రాసుకుంటున్న చప్పుడు వినపడింది. ముక్కుతో పీల్చి వదిలిన ఊపిరి వినపడింది. అక్షరం మాత్రం వినపడలేదు. ముప్పై అయ్యేసరికి కాగితం మీద పధ్నాలుగు నిలువు గీతలు, పదహారు ఖాళీలు మిగిలాయి. ఇరవై రావాలి.

టీచరమ్మ కళ్ళు తెరిచేసరికి పిట్ట అప్పుడే లేచి నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోతోంది. ఏడుపు ఆపుకుంటోంది కాబోలనుకుంది ఆవిడ. జాలేసింది. అందుకే మరి కళ్ళు మూసుకునేది అనుకుని, కింది గదికి పంపాల్సిన వాళ్ళ జాబితాలో నాలుగో పేరుగా పిట్ట పేరు రాసింది.

కింది గది హెడ్మాస్టరు కొత్తగా పెట్టిన ఏర్పాటు. వెనకబడిన పిల్లలు తెల్లమొహం వేసుకుని కూర్చోకుండా, మెట్ల కింద ఉన్న శిశు తరగతికి దిగి, మొదటి శబ్దం నుంచీ మళ్ళీ మొదలుపెట్టాలి. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఒక్కటే. ఒకసారి మెట్లు దిగితే ఆ ఏడాదికి మళ్ళీ ఎక్కడం లేదు.

శుక్రవారం హెడ్మాస్టరు ఆ నలుగురి జాబితాని రూళ్ళకర్ర పెట్టి గీసిన కాగితం మీద, కార్బను వేసి, మూడు ప్రతులు రాసుకున్నాడు. కొట్టివేత ఉన్న కాగితం ఆయనకి చొక్కా మీద సిరా మరకతో సమానం. మధ్యాహ్నానికల్లా తల్లిదండ్రుల సంతకాలు కూడా అయిపోవాలన్నాడు.

పిట్ట తల్లి బస్సు డ్రైవరు. యూనిఫారంలోనే వచ్చింది. బస్సు వీధి చివర ఆపి వచ్చానని, ఆరు నిమిషాలే టైముందని ముందే చెప్పింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. టీచరమ్మ ఆ పదహారు ఖాళీలూ చూపించి సంగతి చెప్పింది. తల్లి ఒక్కో ఖాళీ మీదా వేలు పెట్టి చూసుకుంది.

"ఇంట్లో చదువుతుందండి," అంది చివరికి. "బస్సులో కిటికీ పక్కన చేతులు బయట పెట్టరాదని రాసుంటుంది కదండీ. అది చదివి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంది."

టీచరమ్మ ఓపిగ్గా చెప్పింది. రోజూ కళ్ళబడే మాట బొమ్మలాగా గుర్తుండిపోతుంది, అది చదవడం కాదు, కొత్త మాట ఎదురైతే తెలుస్తుంది అసలు సంగతి అని. ఆ చెప్పిందంతా నిజమే. కాకిపిల్ల కాకికి ముద్దు అని లోపల అనుకున్న మాట మాత్రం పైకి చెప్పలేదు.

కిందికి పంపిస్తే మళ్ళీ పైకి ఎప్పుడొస్తుందని తల్లి అడిగింది. వచ్చే ఏడు అంది టీచరమ్మ.

"దాని ఈడు పిల్లలందరూ పైనే ఉంటారు కదండీ."

టీచరమ్మ సంతకం పెట్టాల్సిన చోటు చూపించింది. తల్లి గడియారం చూసుకుంది. మీరు చెప్పాక ఇంకేముందండి అని, కలం గట్టిగా నొక్కి సంతకం చేసింది. ఆ నొక్కుడుకి మూడో ప్రతి మీద కూడా పేరు స్పష్టంగా పడిందని హెడ్మాస్టరు తర్వాత మెచ్చుకున్నాడు.

టీచరమ్మ ఇంట్లో ఆ వారం ఒక వింత నడుస్తోంది. బుధవారం పొద్దున అత్తగారి కట్టుడు పళ్ళు తొట్టిలో పడి నిలువునా బీట వారాయి. పళ్ళ డాక్టరు వాటిని ఉంచుకుని సోమవారం రమ్మన్నాడు. మూడిళ్ళ అవతలికి వినపడే గొంతు అత్తగారిది. అలాంటి మనిషి బుధవారం నుంచీ పెదవి విప్పలేదు. పాత క్యాలెండరు కాగితాలు చింపి, వెనకవైపు రాసి చేతికిస్తోంది. ఫ్యాను తగ్గించు. టీలో చక్కెర వెయ్యలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని శనివారం పొద్దున భర్త పేపరు వెనకనుంచి గొణిగితే, రెండు నిమిషాల్లో ఆయన ఒళ్ళో చీటీ పడింది. పోయింది పళ్ళు, చెవులు కాదు అని ఉంది అందులో.

ఆదివారం పక్కింటావిడ వచ్చింది, తీసుకెళ్ళిన ఇస్త్రీపెట్టె తిరిగివ్వడానికి. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. మనిషి గుమ్మంలోకి రాగానే నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఎలా ఉన్నారని పక్కింటావిడ అడిగింది. అత్తగారు తలాడించింది. ఆవిడ ఇంకా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మళ్ళీ అడిగింది. దానికి కూడా జవాబు రాకపోయేసరికి, పాపం మనిషి బాగా దిగిపోయారు, మాటలు మర్చిపోతున్నట్టున్నారు అని టీచరమ్మ చెవిలో చెప్పి వెళ్ళింది.

తలుపు మూయగానే చీటీ వచ్చింది. "నాకు మతి పోయిందని వీధంతా చెప్తుంది. చూస్తూ ఉండు."

టీచరమ్మ నవ్వబోయింది. కానీ అత్తగారి కళ్ళల్లో నీళ్ళున్నాయి, చెయ్యి ఇంకా నోటికి అడ్డంగానే ఉంది. ఆ చెయ్యి ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో కాదు, వరండాలోనే చూసింది.  వెంటనే వెళ్ళి సంచీలోంచి గురువారం నాటి గడుల కాగితం తీసి, దీపం కింద పెట్టుకుని కూర్చుంది.

పిట్ట గడుల్లో ఒక్క అడ్డ గీత కూడా లేదు. ఇది ఆవిడకి గురువారమే కనిపించాల్సింది. రాని పిల్లలు ఊరుకోరు, ఏదో ఒకటి అంటారు. త ని ద అంటారు, గుడి ఉన్నచోట కొమ్ము పలుకుతారు. ఈ పిల్ల ఒక్క తప్పు కూడా పలకలేదు. పలికినవన్నీ ఒప్పులు, మిగిలినవన్నీ ఖాళీలు. ఏ గడులు ఖాళీయో వరసగా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. త, ద, స, చ, జ, ఫ, వ. వాటి దీర్ఘాలు, వాటి కొమ్ములు. ఒక్కోటి తనే పైకి అని చూసుకుంది. ఒక్కోసారీ నాలుకో, పెదవో, ఊపిరో వెళ్ళి పైపళ్ళని తాకుతోంది.

పిట్టకి పైన ముందుపళ్ళు రెండూ లేవు. ఆ సంగతి టీచరమ్మకి తెలియకపోలేదు. ఆరేడేళ్ళ పిల్లల తరగతిలో పన్ను ఊడటం ముక్కు కారడంలాంటిది, ఎవరూ పట్టించుకోరు.

అట్టముక్కల దొంతర తీసుకుని అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది. "అత్తయ్యా, ఒక్కసారి ఇవి పైకి చదవండి." అత్తగారు కోడలి మొహంలోకి చూసి, ఎగతాళా అని రాసిచ్చింది. టీచరమ్మ మంచం మీద కూర్చుని, ఆ పిల్ల సంగతంతా చెప్పింది. అత్తగారు విని, ఆ తలుపూ ఈ తలుపూ చూపించింది. టీచరమ్మ రెండూ గడియ వేసి వచ్చింది. భర్తని కూడా పెరట్లోకి పంపించేశాక గాని అత్తగారు చెయ్యి తియ్యలేదు.

క వచ్చింది, గ వచ్చింది. స దగ్గర ఈల వచ్చింది. త దగ్గర గాలి పోయింది. ఫ దగ్గర అత్తగారికే నవ్వొచ్చి దొంతర కింద పడింది. పడినవన్నీ ఏరుకుని, మళ్ళీ వరస పెట్టి, ముప్పై ముక్కలూ పూర్తిచేశారు. టీచరమ్మ ఈసారి కళ్ళు మూసుకోలేదు. మార్కులు కూడితే పదిహేను వచ్చాయి. డెబ్భై రెండేళ్ళ అత్తగారు, ఇంటికొచ్చే పేపరు చివరి పేజీ దాకా నమిలి వదిలే మనిషి, లెక్క ప్రకారం కింది గదికే వెళ్ళాలి.

అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మకి. రెండు వారాల కిందట స నేర్పిన రోజది. ఒక్కొక్కళ్ళూ లేచి అంటున్నారు. పిట్ట అంటే ఈల వచ్చింది. తరగతంతా గొల్లుమంది. వాళ్ళని ఊరుకోమనాల్సింది పోయి తనూ నవ్వింది. మా పిట్టకి విజిలు కూడా వచ్చిందే అంది, ముద్దుగానే. పిల్లలు ఆ మాట పట్టుకున్నారు. పేరు పెట్టింది వాళ్ళు కాదు, తను.

 అంతటితో ఆగలేదు ఆలోచన. కింది గది ఇప్పుడొచ్చింది గాని, వెనకబెంచీ అప్పుడూ ఉంది. ఇరవై రెండేళ్ళు, ఏడాదికి ముప్పై మంది, అందరిదీ పళ్ళూడే వయసే. ఎంతమంది నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని తన ఎదురుగా కూర్చున్నారో చెప్పడానికి ఇప్పుడు దారి లేదు. తను చూళ్ళేదు కదా.  అత్తగారు భుజం మీద తట్టి చీటీ ఇచ్చింది.

"నోరు లేనిదానికి నోటి పరీక్షెందుకు? నాకులాగే చీటీ ఇచ్చి చూడు."

సోమవారం టీచరమ్మ గంటకి అరగంట ముందే వెళ్ళింది. హెడ్మాస్టరు అంతకంటే ముందే వచ్చాడు. పిట్ట సంచీతో సహా కింది గదిలో ఉంది. నాలుగేళ్ళ పిల్లల బల్ల దగ్గర కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. బల్ల మీద అప్పుడే పేరు కూడా అంటించేశారు. పక్కనున్న చిన్నది ఈ పెద్ద అక్కయ్యని వింతగా చూస్తోంది. పిట్ట ఎవర్నీ చూడటం లేదు.

టీచరమ్మ నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి, జాబితా తప్పని చెప్పింది. హెడ్మాస్టరు కలం కింద పెట్టాడు. మూడు ప్రతులు అయిపోయాయని, ఒకటి పైఆఫీసుకి వెళ్ళాల్సి ఉందని, తల్లి సంతకం కూడా పడిందని వరసగా గుర్తుచేశాడు. మీ చెవికి తిరుగులేదని ఊరందరికీ చెప్పేది నేనే కదమ్మా అన్నాడు, కొంచెం బాధగానే.

"చెవి బాగానే వింది సార్," అంది టీచరమ్మ. "చూడాల్సింది నేను. నేనే చూళ్ళేదు."

ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట తప్పు అన్న మాట ఆయన వినలేదు. పిల్లని పిలిపించండి అన్నాడు.

పిట్ట వచ్చి గుమ్మంలో నిలబడింది, చెయ్యి నోటి మీదే ఉంది. ఏమీ పలకక్కర్లేదని, రాసింది చేస్తే చాలని టీచరమ్మ చెప్పింది. హెడ్మాస్టరు చూస్తుండగా కాగితం చింపి మొదటి చీటీ రాసింది. పిట్ట దాన్ని అందుకుని చూసింది. పెదాలు చేతి వెనక కదిలాయి. చీటీ పట్టుకున్న చెయ్యి, నోటి మీద చెయ్యి కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగాయి, తరగతిలో అరచేతులు కలిపినట్టే. తర్వాత వెళ్ళి కిటికీ తెరిచింది. రెండో చీటీ చదివి, బల్ల మీద నుంచి కళ్ళజోడు తెచ్చి టీచరమ్మ చేతికిచ్చింది. మూడోదానికి గోడమీద ఎన్ని మేకులున్నాయో లెక్కపెట్టి ఐదు వేళ్ళు చూపించింది.

టీచరమ్మకి గుండె తేలికపడింది. హెడ్మాస్టరుకి పడలేదు. కిటికీ తెరవమనడం రోజూ వినేదే, పిల్లలు మన కళ్ళు ఎటు పోతున్నాయో చూసి కూడా చేసేస్తారు, మేకుల చీటీ రాసేటప్పుడు మీరు గోడవైపే చూశారు అన్నాడు. అనుమానం తప్పు కాదు, టీచరమ్మ తల్లితో చెప్పింది కూడా అదే. ఆయన తనే ఒక కాగితం తీసి, ఏ పిల్లా ఊహించలేనిది ఏముంటుందా అని కాసేపు పైకప్పు వంక చూశాడు. తర్వాత గుండ్రంగా, ముత్యాల్లాంటి దస్తూరితో ఒక వాక్యం రాసి ఇచ్చాడు.

పిట్ట చదివింది. తలెత్తి హెడ్మాస్టరు వంక చూసింది. మళ్ళీ చీటీ చూసుకుంది, ఈసారి బల్ల మీద పరిచి, వేలు ఆనించి, ఒక్కో అక్షరం మీదా ఆగి.  పిట్ట బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది, అంతే. ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. అయిపోయిందనుకుంది టీచరమ్మ.

పిట్ట చీటీని తిప్పి హెడ్మాస్టరుకి చూపించింది, ఆయన రాసింది ఆయనకే. నా కుర్చీలో కూర్చో అని ఉంది అందులో. ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

హెడ్మాస్టరు గబుక్కున లేచాడు. పిట్ట రెండు చేతులూ ఆనించి కుర్చీ ఎక్కి, కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. ఆయన ముందు నవ్వాడు. అది చూసి టీచరమ్మ నవ్వింది. పిట్ట కూడా నవ్వింది. ఎక్కడానికి తీసిన చెయ్యి మళ్ళీ నోటి దగ్గరికి పోలేదు, రెండు పళ్ళ ఖాళీ బాహాటంగా కనపడింది. హెడ్మాస్టరు బల్లకి ఇవతల నిలబడే జాబితా తీసి, నాలుగో పేరుని రూళ్ళకర్ర పెట్టి మరీ కొట్టేశాడు. మూడు ప్రతుల్లోనూ.

తరగతిలో టీచరమ్మ మొదటి పని పాఠం కాదు. తను గోరంత పొరపాటుని కొండంత చేశానని, పిట్టకి విజిలన్న పేరు పెట్టడం తన తప్పని, ఇక ఎవరూ అలా పిలవకూడదని చెప్పింది. తర్వాత పన్ను ఊడినవాళ్ళని చేతులెత్తమంది. పంతొమ్మిది చేతులు లేచాయి. ఆ పంతొమ్మిది మందినీ స అనమంది. గదినిండా ఈలలు. పక్క తరగతి టీచరు ఏమైందోనని తొంగిచూసి వెళ్ళింది. పిట్ట ఈలే అన్నిటికంటే గట్టిది.

జాబితాలో మిగిలిన ముగ్గురికీ వరండాలో మళ్ళీ పరీక్ష పెట్టింది, కళ్ళజోడు పెట్టుకుని. మొహాలు చూస్తూ మార్కులు వేయడం కొత్తగా, ఇబ్బందిగా ఉంది. జాలి వేసింది కూడా, వేస్తే వేసిందిలే అనుకుంది. ఒకళ్ళు పైకి వచ్చారు. ఇద్దరికి నిజంగానే అక్షరాలు రావు, వాళ్ళు కింది గదికే వెళ్ళారు.

సాయంత్రం బడి వదిలాక పిట్టని తీసుకుని వీధి చివరికి వెళ్ళింది. తల్లి బస్సు ఆ వేళకే వచ్చి ఆగుతుంది. ఆవిడతో ఏం చెప్పాలో దారంతా ఆలోచించింది. తన కంటే పాతికేళ్ళు చిన్నదైన మనిషి ముందు, ఇంతమంది ప్రయాణికులు వింటుండగా ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి సంచీ మీద కాగితం పెట్టి నాలుగు మాటలు రాసి, మడిచి, పిట్ట చేతికిచ్చింది.

బస్సు వచ్చింది. ముందు తలుపు తెరుచుకుంది. పిట్ట పరిగెత్తి మెట్లెక్కింది. టీచరమ్మ కింద నిలబడి చూస్తోంది. తల్లి చక్రం వదలకుండానే, ఏమిటే అది అన్నట్టు గడ్డం ఎగరేసింది. ఆ మొహంలో ఇంకా శుక్రవారం నాటి బరువే ఉంది. పిట్ట చీటీ విప్పింది. కాగితం గాలికి రెపరెపలాడుతుంటే రెండు చేతులతో అంచులు పట్టుకోవాల్సి వచ్చింది, నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. బస్సంతటికీ వినపడేలా చదివింది.

"తప్పు నాది. మీ పాప చదువుతుంది. పైనే ఉంటుంది."

త దగ్గర గాలి పోయింది, ద దగ్గర పోయింది, చ దగ్గర సన్నగా ఈల వచ్చింది. వెనక సీట్లో ఎవరో నవ్వారు. పిట్ట వెనక్కి చూళ్ళేదు.

తల్లి మెట్ల కిందున్న టీచరమ్మ వంక ఒకసారి, కూతురి వంక ఒకసారి చూసింది. తర్వాత చెయ్యి చాపి ఇంజను ఆపేసింది.

"ఇంజను మోతలో సరిగ్గా వినపళ్ళేదు," అంది. "మళ్ళీ చదువు."

పిట్ట మళ్ళీ చదివింది, ఈలతో సహా.